ఉబ్బిన గోడ

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేశారు. గోడ పడిపోలేదు, అలాగని నిలబడి ఉందనీ చెప్పలేం, ఒకసారి వచ్చి చూడండి అన్నారు.

ఆఫీసులో ఆమెను గోడల మేడమ్ అంటారు. కొండవాలు మీద రోడ్డు వేయాలన్నా, వంతెనకు అటూ ఇటూ మట్టిని ఎత్తుగా నిలబెట్టాలన్నా ఆ లెక్క ఆమె బల్ల మీదికే వస్తుంది. ఇంట్లో అత్తగారికి ఈ ఉద్యోగం మీద ఒకటే హాస్యం. "మా కోడలు గోడలు కడుతుందండీ అంటే, అత్తాకోడళ్ళకి పడదు కాబోలు, ఇల్లు పంచుకుంటున్నారు అనుకున్నారు జనం" అని కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చెప్పి, వాళ్ళకంటే ముందు తనే నవ్వుతుంది.

ఆస్పత్రి వాలు మీద ఉంది. అంబులెన్సులు తిరగడానికి ముందున్న జాగా చాలక, వాలు వైపు మట్టి పోసి ఆవరణను పెంచారు. ఆ మట్టి జారకుండా కట్టిందే ఈ గోడ. చూసేవాళ్ళకు అది కాంక్రీటు బ్లాకుల గోడే గానీ, ఆ బ్లాకులు పైపై ముస్తాబు. మట్టిని నిజంగా పట్టి ఉంచేవి లోపల పరిచిన ప్లాస్టిక్ వలలు. కొంత మట్టి పోసి, రోలరు తొక్కించి, దాని మీద వల పరిచి, వల అంచును బ్లాకుల మధ్య ఇరికించి, మళ్ళీ మట్టి పోస్తారు. అలా కిందినుంచి పైదాకా. ఏ ఎత్తులో ఎంత బలమైన వల వేయాలి, అది వెనక్కి ఎంత దూరం పోవాలి అన్నది ఆమె లెక్క. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఆమె చెప్పే మాట ఒకటుంది. మట్టి వలను పట్టుకుంటుంది, వల మట్టిని పట్టుకుంటుంది, కాపురం లాంటిదే, మధ్యలోకి నీళ్ళు రానివ్వకూడదు అంతే.

డైరెక్టరుగారూ ఆమే వెళ్ళేసరికి ఆవరణ గేటుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. లోపలికి రాలేక అంబులెన్సు కింద రోడ్డు మీదే ఆగిపోయింది. ఒక ముసలావిడను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు నడుం వంచి, ఆగి ఆగి, ఎగువకు తోస్తున్నారు. ఆవిడ ఒళ్ళోని మందుల సంచి జారిపోకుండా రెండు చేతులతోనూ అదుముకుని ఉంది. గోడ దిగువ సందులో ఉన్న ఇళ్ళవాళ్ళను ముందు రోజు సాయంత్రమే ఆస్పత్రి పాత వార్డులోకి మార్చారట. మిగిలిన సామాను కోసం సందులోకి తిరిగొచ్చిన ఒకామె ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళం తీసి, పొయ్యి మీది గిన్నెను మూతతో సహా తెచ్చుకుని మళ్ళీ తాళం వేసింది.

సైటు ఇంజనీరు అప్పటికే గోడ దగ్గర ఉన్నాడు. మనిషి మరీ పొడుగు. కూలీల దగ్గర్నుంచి డైరెక్టరుగారి దాకా అందరూ అతన్ని నిచ్చెన అనే పిలుస్తారు, అతనూ పలుకుతాడు. పైనుంచి గుండు కట్టిన తాడు వేలాడదీశాడు. పైన కాస్త దూరం తాడు గోడకు ఆనుకుంది. ఉబ్బు దాటిన తర్వాత కిందంతా గోడకూ తాడుకూ మధ్య జానెడు ఖాళీ. గోడ తిన్నగా ఉంటే ఆ ఖాళీలో చెయ్యి దూరకూడదు. ఆమె చెయ్యి మణికట్టు దాకా దూరింది.

బ్లాకుల సందుల్లోంచి ఎర్రనీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఆమె ఒక సందులోంచి కాస్త మట్టి గోటితో తీసి వేళ్ళ మధ్య నలిపింది. గరుకుగా రాలిపోవలసిన మట్టి సబ్బులా జారింది. అప్పుడు ఆమెకు ఫోన్ గుర్తొచ్చింది.

మరిచిపోయి ఉంటేగా గుర్తు రావడానికి. పొద్దున కారెక్కినప్పటి నుంచీ ఆమె దాన్నే అవతలికి తోస్తూ వచ్చింది. గోడ పైభాగం కడుతున్న రోజుల్లో, రోడ్డు తెగి గరుసు మట్టి లారీలు ఆగిపోతే, నిచ్చెన ఫోన్ చేశాడు. ఇక్కడే తవ్విన మట్టి ఉంది మేడమ్, కొంచెం బంకగా ఉంది, వాడమంటారా అని అడిగాడు. ఆమె అప్పుడు ఇంకో వంతెన పనిలో తలమునకలుగా ఉంది. పైభాగమే కదా, వెయ్యండి, అయితే వెనకాల కంకర పట్టీ, నీళ్ళు పోవడానికి చిల్లుల గొట్టం కావాలి, కొలతలు గీసి పంపిస్తాను, ఈలోపు మీరు మొదలెట్టండి అంది. ఆ తర్వాత అతను రెండుసార్లు గుర్తుచేశాడు. రెండుసార్లూ ఆమె రేపు అంది. ఆ రేపు రాకుండానే గోడ పూర్తయింది, పైన తారు వేశారు, అంబులెన్సులు తిరిగాయి.

ఆస్పత్రి మేనేజరు నడివయసు మనిషి, మాట సూటిగా ఉంటుంది. ఇది ఎవరి నిర్వాకం అని అడిగింది. డైరెక్టరుగారు గోడవైపు చూసి, తల పంకించి, మట్టిని సరిగా తొక్కించి ఉండరు, సైటులో జరిగే లోపమే ఇది అన్నారు.

నిచ్చెన ఆమె వైపు చూశాడు. నిందగా చూడలేదు. చెప్పవలసిన మనిషి పక్కనే ఉన్నప్పుడు, మీరు చెప్పండి అన్నట్టు చూస్తామే, అలా చూశాడు. ఆమె వంగి, తాడుకూ గోడకూ మధ్య ఖాళీని టేపుతో కొలవడం మొదలెట్టింది. ఒకసారి కొలిచిందే మళ్ళీ కొలిచింది. నడుం నిలబెట్టి చూసేసరికి అతను పైకి వెళ్ళి, తారు మీద పగుళ్ళలోకి నీళ్ళు దిగకుండా టార్పాలిన్ కప్పిస్తున్నాడు.

*

మధ్యాహ్నం ఆఫీసులో పొడుగుబల్ల గదిలో అందరూ కూర్చున్నారు. నిచ్చెన బూట్లకు ఎర్రమట్టి ఎండి పెచ్చులు కట్టింది. నేల పాడవుతుందని కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చున్నాడు. అంత మనిషి అలా ముడుచుకుంటే చూడ్డానికి బాగాలేదు.

డైరెక్టరుగారు కేకలేసే మనిషి కాదు. నెమ్మదిగా అడిగారు, నెమ్మదిగా చెప్పించుకున్నారు. రోలరు సరిగా తొక్కించావా అంటే తొక్కించానన్నాడు. మట్టి మారిందా అంటే మారిందన్నాడు. మార్చమని ఎవరు చెప్పారంటే, అతను నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, చేతిలోని హెల్మెట్టును బల్ల మీద పెట్టాడు. అప్పుడు డైరెక్టరుగారు ఆమె వైపు తిరిగారు.

"మేడమ్, మీ డ్రాయింగులో ఈ మట్టి వాడొచ్చని ఎక్కడైనా ఉందా?"

 ఆమె బల్ల మీది డ్రాయింగు వైపే చూస్తూ చెప్పింది.

"డ్రాయింగులో అయితే లేదు."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. గరుసు మట్టి అనే రాసి ఉంది, కింద ఆమె సంతకం ఉంది. ఆ మాట అన్నాక ఆమె నీళ్ళ గ్లాసు అందుకుంది. తాగేటప్పుడు పళ్ళకు గ్లాసు టకటకా తగిలింది. ఎవరైనా విన్నారేమోనని కళ్ళెత్తి చూసింది. ఎవరూ వినలేదు. నిచ్చెన బల్ల మీద తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. విచారణ తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు అతన్ని. సరే సార్ అని లేచాడు. తలుపు దగ్గర తల వంచుకుని వెళ్ళడం అతనికి ఎప్పుడూ ఉన్నదే, గుమ్మం ఎత్తు చాలదు. ఆ రోజు మాత్రం అతను తల వంచడం చూసి ఆమె కళ్ళు పక్కకు తిప్పుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి గోడ సంగతి ఇంటికి ముందే చేరింది. అత్తగారు మెట్ల మీద పక్కింటావిడకు గట్టిగా చెబుతోంది. కోడలి లెక్కకు తిరుగులేదనీ, కట్టినవాడెవడో చేతగాని దద్దమ్మ అయి ఉంటాడనీ, రోజులు అలా ఉన్నాయనీ. కోడల్ని చూడగానే, "నువ్వేం బెంగపెట్టుకోకు, నలుగురికీ నేను చెప్తున్నాగా" అంది. ఆమె చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయింది. ఒక చెప్పు విప్పడానికి అంతసేపు ఎందుకు పట్టిందో అత్తగారికి అర్థం కాలేదు. తలనొప్పిగా ఉందని చెప్పి ఆమె తిండి దగ్గర కూడా ఎక్కువసేపు కూర్చోలేదు. భర్త నుదురు తాకి చూసి, జ్వరం లేదే అన్నాడు.

*

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, ఆ గోడ లెక్కను మళ్ళీ తెరిచింది. గరుసు మట్టి విలువలు తీసేసి, తడిసిన బంకమట్టి విలువలు పెట్టింది. నీళ్ళు పోయే దారి లేదనుకుని వెనక నీటి ఒత్తిడి కలిపింది. పైనుంచి ఒక్కో వలనూ లెక్కగట్టింది. తడి మట్టిలో వల పట్టు సడలి ముందుకు జారుతుంది, జారినకొద్దీ బ్లాకులను నెడుతుంది. సరిగ్గా ఎక్కడ గోడ ఉబ్బిందో అక్కడే లెక్క కూడా చేతులెత్తేసింది. తర్వాత కంకర పట్టీ, చిల్లుల గొట్టం ఉన్నట్టుగా ఇంకోసారి చేసింది. అన్ని వలలూ నిలబడ్డాయి. కొలతలు గీయడానికి ఆమెకు గంటసేపు కూడా పట్టలేదు. ఆనాడూ పట్టి ఉండేది కాదు.

గుమాస్తా వచ్చి, పొడుగుబల్ల గదిలో నిచ్చెనగారి హెల్మెట్టు ఉండిపోయింది మేడమ్, ఎక్కడ పెట్టమంటారు అని అడిగాడు. తనే ఇచ్చేస్తానంది ఆమె. ఆ మాట నోటి నుంచి ఎంత తొందరగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. అతన్ని చూడాలని ఉంది, నిజమే. అంతకంటే ఎక్కువగా, ఆ ఫోన్ సంగతి అతను ఎవరికైనా చెప్పాడా లేదా తెలుసుకోవాలని ఉంది. దారి పొడుగునా ఒళ్ళో హెల్మెట్టు పెట్టుకుని, ఓదార్చడానికే వెళ్తున్నానని తనకు తాను చెప్పుకుంది.

ఇల్లు ఒక చెప్పుల కొట్టు పైన. మెట్లు ఇరుకు. తలుపు తీసింది అతని తండ్రి. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఆమెను ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టాడు. కోడలు పనికి వెళ్ళిందని, కొడుకు పాలు తేవడానికి కిందికి దిగాడని చెప్పాడు. కింద వీధిలో బస్సు బ్రేకు వేసినప్పుడల్లా ఆయన కుడికాలు తనకు తెలియకుండానే నేలను నొక్కుతోంది.

ఆమె ఫలానా అని చెప్పుకోగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు, హెల్మెట్టుతో సహా.

"మీరేనామ్మా ఆ మేడమ్? మావాడు చెప్పాడు. అంతమంది పెద్దవాళ్ళలో మీరొక్కరే లేచి, ఇతని తప్పు కాదు, ఇతను పని తెలిసినవాడు అన్నారట. నేను బస్సు నడిపినన్నాళ్ళూ ఎక్కడ గీత పడ్డా డ్రైవరుదే తప్పు. నా తరఫున ఒక్కడూ నోరు విప్పలేదు. మావాడికి మీరున్నారు. చాలు."

 ఆమె కాదండీ అనబోయింది. ఆ 'కా' అన్న అక్షరం దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే అప్పుడే పాల ప్యాకెట్టు పట్టుకుని నిచ్చెన గుమ్మంలోకి తల వంచి వచ్చాడు. ఆమెను చూశాడు, తండ్రి చేతుల్లో ఉన్న ఆమె చేతులను చూశాడు, చెవుల దాకా ఎర్రబడ్డాడు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాడు.

టీ తాగినంతసేపూ ముసలాయనే మాట్లాడాడు. కొడుకు చిన్నప్పుడు ఇసుకతో ఇళ్ళు కట్టేవాడనీ, ఎవరి ఇల్లయినా కూలితే వీడే ఏడ్చేవాడనీ చెప్పాడు. ఆమె కప్పులోకి చూస్తూ ఊ కొట్టింది. బాబాయిగారూ, నేను వెళ్ళొస్తాను అని లేచినప్పుడు ఆయన మళ్ళీ మంచి మాటలు చెప్పాడు. వాటి బరువుకు మెట్లు దిగడం కూడా ఆమెకు కష్టమైంది.

నిచ్చెన సాగనంపడానికి కిందిదాకా వచ్చాడు. చెప్పుల కొట్టు పక్కన ఆగారు.

"ఏమీ అనుకోకండి మేడమ్. నాన్నకి ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎవరూ మాట్లాడలేదంటే ఆయన తట్టుకోలేడు."

"నా పేరే ఎందుకు చెప్పారు?"

 "ఆ గదిలో కూర్చున్నంతసేపూ మీరు ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అనుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి చెప్పేసినట్టే అనిపించింది."

ఆమె అడగకూడదనుకుంది. అయినా అడిగింది. ఆ ఫోన్ సంగతి ఇంకెవరికైనా తెలుసా అని. లేదు మేడమ్ అన్నాడతను. ఆమెకు ముందు ఊరట కలిగింది, ఆ తర్వాతే సిగ్గు వేసింది. ఆ వరసే ఆమెను బస్సులో ఇంటిదాకా వెంటాడింది.

*

మరుసటి రోజు పొద్దున్న మళ్ళీ అదే గది. ఈసారి ఆస్పత్రి మేనేజరు, ఒక పెద్ద డాక్టరు కూడా వచ్చారు. డైరెక్టరుగారు సైటు లోపం గురించి, బాధ్యుడైన ఇంజనీరును తప్పించడం గురించి చెప్పడం మొదలెట్టారు. ఆయన మాట పూర్తికాకుండా ఎవరూ మాట్లాడరు ఆ ఆఫీసులో. ఆమె మాట్లాడింది.

"ఆ మట్టి వాడమన్నది నేను. ఫోన్‌లో చెప్పాను. నీళ్ళు పోయే గొట్టం కొలతలు గీసి పంపిస్తానని పంపలేదు. అతను రెండుసార్లు గుర్తుచేశాడు. మొన్న డ్రాయింగులో లేదని అన్నానే, అది కావాలనే అన్నాను."

ఇలా చెబితే ఆకాశం విరిగి మీద పడుతుందని ఆమె రెండు రోజులుగా అనుకుంటోంది. ఏమీ పడలేదు. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మేనేజరు ఆమె వైపు ఒక్క క్షణం చూసి, సరే, గోడ ఎప్పటికి బాగవుతుంది, మా రోగులు ఎన్నాళ్ళు వాలెక్కాలి అని అడిగింది. ఆవిడకు ఎవరి తప్పన్నది అప్పటికే పాత కబురు. తన గుండెల్లో ఇంత పెద్ద బండగా ఉన్నది ఆ బల్ల మీద చూస్తే ఇంతేనా అన్నట్టుంది. ఆమెకు అదీ చిన్నతనంగానే అనిపించింది. పైభాగం మొత్తం విప్పేసి మళ్ళీ కట్టాలనీ, విప్పడం ఎక్కడ మొదలెట్టాలో, ఈలోపు సందులోకి మట్టి జారకుండా ఏం అడ్డం పెట్టాలో చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు ఆమె మాట విన్నది.

తర్వాత వరండాలో డైరెక్టరుగారు ఆమెను ఆపారు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టుగా మాట్లాడారు.

"నా గదికొచ్చి చెప్పొచ్చు కదమ్మా. మనలో మనం సర్దుకునేవాళ్ళం."

"అలా సర్దుకుంటామనే భయపడ్డానండి" అంది ఆమె.

 డైరెక్టరుగారు, ఇకనుంచి ఆమె లెక్కలన్నీ వేరొకరు చూసి సంతకం పెడతారనీ, ఆ గోడ విప్పినన్నాళ్ళూ ఆమె సైటులోనే ఉండాలనీ చెప్పారు. నిచ్చెనకు ఆయనే ఫోన్ చేశారు. పొరపాటైందన్న మాట ఎక్కడా రాలేదు. రేపట్నుంచి రా అన్నారు, అంతే. ఫోన్‌లోంచి సరే సార్ అన్న గొంతు ఆమెకు వరండా చివరిదాకా వినిపించింది.

ఇంట్లో అత్తగారు కూరలు తరుగుతుండగా ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అత్తగారి కత్తి ఆగలేదు. ఒక్కో ముక్కా సమంగా తరిగి గిన్నెలో వేస్తూ అంతా విన్నది.

"అయితే మెట్ల మీద నేను చెప్పిందంతా అబద్ధమన్నమాట."

"అవునత్తయ్యా."

"ఎవరో తల్లి కన్నబిడ్డని దద్దమ్మ అన్నాను" అంది అత్తగారు, తనలో తాను. "రేపు నువ్వే వెళ్ళి పక్కింట్లో చెప్పు. నేను చెప్తే కోడలి మీద చాడీలంటారు" అంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూ ఆమె పక్కింటి బెల్లు నొక్కింది. పక్కింటావిడ నోట్లో పళ్ళ బ్రష్షుతో తలుపు తీసి, మొత్తం విని, పోనీలెండి అంది. తలుపు వేసుకున్నాక లోపల ఎవరికో చెబుతూ నవ్విన నవ్వు మెట్ల మీదికి వినిపించింది.

*

గోడను పైనుంచి విప్పడం మొదలెట్టారు. ముందు తారు పెళ్ళగించారు. చిన్న యంత్రం మట్టిని కొంచెం కొంచెంగా గీరి వెనక్కి లాగుతుంటే, ఇద్దరేసి మనుషులు ఒక్కో బ్లాకునూ ఎత్తి పక్కన పేరుస్తున్నారు. సందులోకి ఏదీ దొర్లకుండా కింద ఇసుక బస్తాలు అడ్డం కట్టారు. మట్టి గీరినకొద్దీ నల్లటి వల బయటపడింది, గళ్ళ నిండా ఎర్ర బంక. కొన్నిచోట్ల తవ్వీతవ్వకముందే ఆగి ఉన్న నీళ్ళు బుడబుడమంటూ దిగాయి. కూలీలు నవ్వుతూ ఎగిరి పక్కకు తప్పుకున్నారు. ఆమె నవ్వలేకపోయింది.

నిచ్చెన ఆమెతో పని మాటలే మాట్లాడాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. ఈ వల మళ్ళీ వాడొచ్చా మేడమ్ అని అడిగాడు. వద్దు, కోసేయండి అంది. ఇక్కడ కంకర పట్టీ ఎంత మందం అని అడిగాడు. చెప్పింది. అతను తల ఊపాడు గానీ కదల్లేదు. యంత్రం నడిపేవాడు ఇంజను ఆపి వీళ్ళవైపు చూస్తున్నాడు.

"గీసి ఇవ్వండి మేడమ్, మొదలెడతాను" అన్నాడు నిచ్చెన. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఒకసారి వానలో తడిసిన మనిషి ఈసారి గొడుగు అడిగినట్టు అడిగాడు. ఆమె బ్లాకుల దొంతర మీద కూర్చుని గీసింది. సంతకం పెట్టబోయి ఆగి, సంతకం పెట్టవలసిన సహోద్యోగికి ఫోన్ చేసింది. ఆయన వచ్చి చూసేదాకా మిగతావాళ్ళు నీడలో, ఆమె ఆ దొంతర మీదే కూర్చున్నారు. పని ఆమె వల్ల ఆగిందని అందరికీ తెలుసు. ఒక కూలీ మాత్రం ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అలా కూర్చున్నప్పుడే ముసలాయన భోజనం క్యారియరు పట్టుకుని వచ్చాడు. కొడుకు దాన్ని అందుకుని, చేతులు కడుక్కోవడానికి ఆస్పత్రి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆయన విప్పిన గోడను చాలాసేపు చూశాడు. తర్వాత వచ్చి ఆమె పక్కన ఇంకో దొంతర మీద కూర్చున్నాడు.

ఆమె ఈ మాట కోసం ఎన్నో విధాల తయారైంది. ఇప్పుడవేమీ గుర్తు రాలేదు.

"బాబాయిగారూ, మీకొకటి చెప్పాలి. ఆ రోజు ఆ గదిలో నేను మీవాడి తరఫున మాట్లాడలేదు. తప్పు నాదని తెలిసి కూడా ఊరుకున్నాను. చెప్పింది ఆ తర్వాత, మీ ఇంటికి వచ్చి వెళ్ళాక."

ఆయన ఆశ్చర్యపోలేదు. మోకాలి మీద దుమ్ము దులుపుకున్నాడు.

"నాకు తెలుసమ్మా."

ఆమె తల తిప్పి చూసింది.

"వాడు ఆ సంగతి చెప్పిన రోజు రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. చిన్నప్పట్నుంచీ అంతే. అబద్ధం ఆడిన రోజు వాడికి ఆకలెక్కువ. ఎవరూ మాట్లాడలేదని అప్పుడే అర్థమైంది. మర్నాడు మీరు హెల్మెట్టు పట్టుకుని వచ్చారు. టోపీ ఇవ్వడానికి ఇంత పెద్ద ఇంజనీరు రావాలా? మీ మొహం చూశాను, ఇంకేం తెలుసుకోవాలి?"

"మరి అన్ని మంచి మాటలు ఎందుకు చెప్పారు?" అంది ఆమె.

"తిట్టినవాడికి జవాబు చెప్పుకోవచ్చు. నాకు బోలెడంత మందిని తిట్టాలని ఉండేది, తిట్టాను కూడా, తిడితే ఎవరూ మారలేదు, వాళ్ళ దగ్గర జవాబులుంటాయి. మెచ్చుకున్నవాడికి ఏం చెప్తారు?"

ఆయన ఈ మాట గెలిచినట్టు అనలేదు. కాస్త అలసటగా అన్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి రాకూడదనుకుంది, ఏడిస్తే ఆయన తనను ఓదార్చవలసి వస్తుంది, అది మరీ అన్యాయం. ముక్కు గట్టిగా ఎగబీల్చి, ఎదురుగా పేర్చిన బ్లాకుల వైపు చూస్తూ కూర్చుంది.

"ఒకటి మాత్రం చెయ్యండి" అన్నాడాయన, కుళాయి వైపు చూసి గొంతు తగ్గించి. "నాకు తెలుసన్నట్టు వాడికి చెప్పకండి. నాకోసం ఆడిన అబద్ధం. అది చెడిపోతే వాడు నా మొహం చూడలేడు."

"అలాగే."

"అంటే మీరు ఇక నుంచి ఈ మెచ్చుకోలు మోయాలి మరి."

"మోస్తానండి" అంది ఆమె.

నిచ్చెన చేతులు దులుపుకుంటూ వచ్చాడు. తండ్రి పక్కన ఆమెను చూసి అడుగు తడబడింది. ముసలాయన మొహమంతా నవ్వు చేసుకుని, అక్కడున్న కూలీలందరికీ వినబడేలా అన్నాడు.

"మేడమ్‌కి మళ్ళీ చెప్తున్నానురా. అందరూ ఊరుకున్న రోజు నీకోసం నిలబడ్డ మనిషి అని."

కూలీలు ఆమె వైపు చూశారు. నిచ్చెన చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. క్యారియరు మూత తీయడంలో మునిగిపోయినట్టు తల వంచుకున్నాడు. ఆమె అందరి ముందూ ఆ మాటను విన్నది, కాదనలేదు. ఎండ నేరుగా మొహం మీద పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, సంతకం పెట్టే మనిషి గేటు దగ్గర కనిపించేదాకా అలాగే కూర్చుంది.